మఫ్రఖ్ క్యాంపులో పాలాభిషేకం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. వంటింట్లోకి పిల్లి వస్తే వీధిలో చిరుతపులి తిరుగుతోందనే రకం నేను. మా ఆవిడ నా మాటను సగానికి కోసి, ఆ సగంలో మళ్లీ సగం తీసేసి, మిగిలినదాన్ని కూడా పక్కింటావిడను అడిగి రూఢి చేసుకుంటుంది. మీరూ ఇదే పద్ధతిలో చదవండి. ఒక్క మనవి మాత్రం ఉంది. ఇందులో ఎక్కడ నమ్మబుద్ధి కాదో అక్కడే నిజం ఎక్కువ. ఎక్కడ మరీ అందంగా కుదిరినట్టు అనిపిస్తుందో అక్కడ నా చెయ్యి పడిందనుకోండి.

నేను ఒక పల్లెటూరి పార్లమెంటు సభ్యుడికి గల్ఫ్ ప్రతినిధిగా కొన్నేళ్లు పనిచేసి రిటైరయ్యాను. క్యాంపుల్లో నన్ను 'దుబాయ్ ఎంపీ' అనేవారు. కొందరు వెక్కిరింపుగా అనేవారు గానీ నేను బిరుదుగానే తీసుకున్నాను. సారు ఎన్నికల్లో ఓడిపోయిన రోజు, లెక్కింపు ఇంకా పూర్తికాకముందే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. మా వృత్తిలో పదవీ విరమణ సన్మానమంటే అదే. జీతం లేని కొలువు కాబట్టి పింఛను గొడవా లేదు. ఇప్పుడు కొత్త ఎంపీ గారు, కొత్త ప్రతినిధులు. తమ్ముళ్లు అప్పుడే విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నారు. ఇది వాళ్ల కోసం.

నియోజకవర్గం ఎక్కడుంటుంది

మ్యాపులో మా నియోజకవర్గం గోదావరి ఒడ్డున ఉంటుంది. పసుపు, మొక్కజొన్న, బీడీలు. కానీ అక్కడికి వెళ్లి చూస్తే మగవాళ్లు కనపడరు. సగం మంది ఇక్కడే, గల్ఫ్‌లో ఉంటారు. నా లెక్కలో ముప్పావు. మఫ్రఖ్ లేబర్ క్యాంపుల్లో కొందరు, అజ్మాన్ బెడ్ స్పేసుల్లో కొందరు, ఖోర్ ఫక్కాన్ రేవులో కొందరు. అజ్మాన్‌లో నా గదిలో పై మంచం మీద ఒక సర్పంచమ్మ భర్త ఉండేవాడు. ఆ ఊరి బోరుబావి తగాదాలన్నీ ఆ పై మంచం మీంచే ఫోన్లో తీరేవి. కింది మంచం మీద నేను ఆ ఊరి వార్డు మెంబరులా అన్నీ వింటూ పడుకునేవాణ్ని.

నా అసలు ఉద్యోగం అజ్మాన్‌లో ఒక టైపింగ్ సెంటర్లో. వీసాల అర్జీలు కొట్టి పెట్టడం. ఈ పదవికి నా ఇంటర్వ్యూ ఎలా జరిగిందంటే, సారు ఎంపీ అయిన కొత్తలో ఇక్కడికి వచ్చినప్పుడు మైకు పనిచెయ్యలేదు. నేను లేచి, చివరి వరుస వాడికీ, పక్క ఎమిరేట్‌లో ఉన్నవాడికీ వినపడేలా వందన సమర్పణ చేశాను.

"గొంతు మంచిగున్నది. మనోడేనా?" అన్నారు సారు.

"మనోడే సార్" అన్నారు ఎవరో. అంతే.

ఇక్కడున్న వాళ్లు ఇక్కడి నుంచి ఓటెయ్యలేరు కదా, మరి ప్రతినిధి ఎందుకని నేనే ఒకసారి అడిగాను. సారు నన్ను జాలిగా చూశారు.

"మల్లేశం, ఆడ ఓటేసేటోళ్లు ఈడికెల్లి వచ్చే ఫోన్ ఇంటరు. ఒక్క ఫోను నాలుగు ఓట్లు. నువ్వు మనుషులను చూడకు, ఫోన్లను చూస్కో."

రాజనీతి శాస్త్రం నేను చదువుకున్నది అంతే, దానికి మించి అవసరం పడలేదు.

మూడు జవాబులు, ఒక కేకు

2020లో అన్నీ మూతపడ్డప్పుడు సారు తన నంబరు అందరికీ ఇచ్చి, ఆ నంబరుకు వచ్చే ఫోన్లన్నీ నాకు మళ్లించారు. పనులు ఆగిపోయినవాళ్లు, విమానం కోసం ఎదురుచూసేవాళ్లు, గదిలో పదిమందికి జ్వరమొచ్చి పదకొండోవాడిగా మిగిలినవాళ్లు చేసేవారు. నా ఫోను ఎంత వేడెక్కిందంటే దాని మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. నాకు మూడే జవాబులు నేర్పారు. 'చెప్పిన.' 'లైన్ల ఉన్నది.' 'సారు స్వయంగా చూస్తున్నరు.' ఈ మూడింటినీ మార్చి మార్చి వాడితే ఏ మనిషినైనా ఒక నెల ఆపొచ్చు. రెండో నెల వాడే ఫోన్ మానేస్తాడు. దాన్ని మేము సమస్య పరిష్కారం కింద రాసుకునేవాళ్లం.

బియ్యం పంచాం, అదీ చెప్పాలి. ఒక్కో సంచి మీద పదకొండు చేతులుండేవి. ఫొటోలో బియ్యం తీసుకునేవాడు ఎప్పుడూ కనపడేవాడు కాదు. అదే రోజుల్లో అజ్మాన్‌లో సైన్‌బోర్డుల షాపు నడిపే నెల్లూరు ఖాదర్ బాషా, తన పికప్పులో బియ్యం, పప్పు వేసుకుని క్యాంపులన్నీ తిరిగాడు. ఒక్క ఫొటో లేదు. నిజాయితీగా చెప్పాలంటే ఆ ఏడాది మా గోదావరి నియోజకవర్గానికి అసలు ప్రతినిధి ఆ నెల్లూరు వాడు. ఆ మాట అతనితో అంటే, "అట్టాంటి మాటలు బయట అనబాకన్నా, నన్ను గూడా ఎలక్షన్లో నిలబెడతారు" అన్నాడు.

ఇంకో విద్య. ఈ దేశంలో మనిష్టం వచ్చినట్టు రాజకీయ సభలు పెట్టకూడదు. అందుకని మా సభలన్నీ పుట్టినరోజు పార్టీలే. ఒక కేకు తెచ్చి మధ్యలో పెడితే చాలు. మా సారు ఏడాదికి నాలుగుసార్లు పుట్టేవారు. ఒకసారి జులైలో మఫ్రఖ్ వచ్చారు. ఊరికొకటి చొప్పున శాలువాలు. ఎనిమిదో శాలువా దగ్గర ఆయన మెడ కనపడలేదు. పన్నెండో దానికి, ఉన్ని కత్తిరించడానికి తెచ్చిన గొర్రెలా ఊపిరి తీస్తున్నారు. అయినా నవ్వు చెదరలేదు. తమ్ముళ్లూ, అదీ వృత్తి నిబద్ధత.

గంగారాం దగ్గర ఉన్న తమ్ముడి కిడ్నీ

ఇక అసలు సంగతి. గంగారాం మఫ్రఖ్‌లో క్రేను కింద సరుకు కట్టే పని చేసేవాడు. మా పక్క ఊరే. ఒకరోజు నేను క్యాంపుకు వెళ్తే మెస్సులో నా ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, నాకు సెలవు ఇప్పియ్యాలె. నా కడుపుల ఉన్న ఒక కిడ్నీ నాది కాదు. మా తమ్మునిది. నేను ఊకె మోస్తున్న."

"గట్లంటవేందిరా?"

"మరేందన్నా. పోయిన సెలవుల దవఖానోళ్లు అన్ని పరీక్షలు చేసి, నీది వానికి కలిసిందన్నరు. అప్పుడు ఆగచ్చన్నరు, మళ్ల వచ్చిన. ఇప్పుడు ఆగద్దంటున్నరు. ఆడ వాడు మిషిను మీద పండుతుండు. ఈడ వాని కిడ్నీ నాతోని క్రేను కింద తిరుగుతున్నది. పైకెల్లి ఏదన్న జారి పడిందనుకో, ఒక్క దెబ్బకు ఇద్దరం పోతం."

నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేను కంచం పక్కకు నెట్టి వివరాలు అడిగాను.

కంపెనీలో ఆ ఏడాది కట్టడం అప్పజెప్పేదాకా ఎవరికీ సెలవు లేదని ఫోర్‌మన్ చెప్పేశాడట. సెలవు లేకుండా వెళ్లిపోదామంటే, పారిపోయాడని కేసు పెడితే విమానాశ్రయంలోనే ఆపేస్తారని భయం. సెలవు ఇవ్వాలంటే సైటుకూ క్యాంపుకూ పెద్ద అయిన ముదీర్ ఒప్పుకోవాలి. ముదీర్ పేరు నబీల్, జోర్డాన్ మనిషి. నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయన నడిచి వస్తుంటే కాంక్రీటు తొందరగా గట్టిపడుతుందని మావాళ్లు చెప్పుకునేవారు.

నేను వెంటనే సారుకు ఫోన్ చేశాను.

"కిడ్నీయా?" అన్నారు సారు. "మంచి పాయింటే. ఊరేది?"

చెప్పాను.

"ఆ ఊర్ల పోయినసారి మనకు తక్కువొచ్చినయ్. చెయ్యాలె, మల్లేశం. గట్టిగ చెయ్యాలె. ఒక ఫ్లెక్సీ కొట్టియ్యి."

"ఫ్లెక్సీ ఎందుకు సార్?"

"ముదీరుకు థాంక్స్ చెప్తూ."

"ఇంకా సెలవియ్యలేదు సార్."

"అందుకే."

ముందస్తు ధన్యవాదాలు

మా సారు పద్ధతి అదే. ఆయన నియోజకవర్గంలో ఒక వాగు మీద వంతెన కావాలి. అర్జీలు పెట్టలేదు, తిరగలేదు. 'వంతెన మంజూరు చేసిన మంత్రివర్యులకు శతకోటి వందనాలు' అని ఊళ్లో నాలుగు ఫ్లెక్సీలు కట్టించి, వాటికి బిందెలతో పాలాభిషేకం చేయించి, ఆ ఫొటోలు పేపర్లలో వేయించారు. మంత్రి పేపరు చూసుకుని, తానెప్పుడు మంజూరు చేశానా అని తల గోక్కుని, ఇన్ని పాలు వృథా అయ్యాయన్న మొహమాటానికి మంజూరు చేసేశాడు. ఆ వంతెన ఇప్పటికీ ఉంది. వాగు సగం దాకా ఉంది.

ఫ్లెక్సీ కోసం ఖాదర్ బాషా దగ్గరికి వెళ్లాను. మ్యాటరు చూసి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఏమనుకోబాక మల్లేశన్నా. ముదీర్ బొమ్మ మాత్రం ఎయ్యబాక. ఈడ అడక్కుండా మనిషి ఫొటో ఏస్తే కేసవతాది."

"గౌరవం కోసమే కదా బాషా."

"గౌరవమని పోలీసోడికి నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా? నీకు సారుండాడు. నాకు ఈ షాపొకటే ఉండాది."

"ఏదన్నా అయితే నాదే పూచీ."

చాలాసేపు గడ్డం నిమిరి చివరికి ఒప్పుకున్నాడు. కింద మాత్రం షాపు పేరు వెయ్యలేదు. తెలుగువాళ్ల చరిత్రలో ముద్రించినవాడి పేరు లేని ఫ్లెక్సీ అదొక్కటే అయ్యుంటుంది.

ఫ్లెక్సీ కొట్టించడం వంతెన కట్టడం కంటే కష్టం. మధ్యలో సారు, చేతులు జోడించి, తలుపంత. పక్కన ముదీర్, సారులో సగం. కంపెనీ భద్రతా బోర్డు మీది ఫొటో కాబట్టి హెల్మెట్‌తో ఉన్నాడు. కింద వరుసల్లో క్యాంపు పెద్దలు, ఊరి సంఘాల వాళ్లు, నలభై ముఖాలు. ఒకడి ముఖం ఇంకొకడి కంటే రవ్వంత పెద్దదయిందని రెండు గదులు మాట్లాడుకోవడం మానేశాయి. పై వరుసలో చోటు దొరకని ఖోర్ ఫక్కాన్ సంఘం రాజీనామా చేసింది. నా ఫొటో, చెప్పకపోతే అన్యాయం, పై వరుసలోనే ఉంది. చివరికి చోటు చాలక గంగారాం ఫొటో తీసెయ్యాల్సి వచ్చింది.

"నీ పేరున్నది కదరా, ముఖమెందుకు?" అని సర్దిచెప్పాం.

"నా ముఖమెందుకన్నా, సెలవు దొరికితె సాలు" అన్నాడు.

లబన్

వారపు సెలవు రోజు పొద్దున మెస్సు గోడకు ఫ్లెక్సీ కట్టాం. కేకు పెట్టాం. అవతల సారు వీడియో కాల్‌లో కూర్చున్నారు. నినాదాలు గట్టిగా ఇవ్వకూడదు కాబట్టి, వందమంది నోళ్లు మాత్రం తెరిచి, గొంతు బయటికి రాకుండా 'జిందాబాద్' అన్నారు. చేపల చెరువులో సభ పెట్టినట్టుంది.

అప్పుడు పాలు లేవని తేలింది. క్యాంపు బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పాలు అయిపోయాయి, లబన్ ఉంది. లబన్ అంటే ఇక్కడి మజ్జిగ, మనదాని కంటే చిక్కన.

"మజ్జిగాభిషేకం ఎక్కడన్నా ఉంటదా?" అన్నాడొకడు.

"తెల్లగుంటే సాలు. ఫొటోల ఏం తెలుస్తది?" అన్నాడు ఇంకొకడు.

సారు కూడా ఫోన్లోంచి, "కానియ్యుండ్రి, నాకు ఫ్లైటున్నది" అన్నారు.

బెంచీలెక్కి పొయ్యడం మొదలుపెట్టారు. సారు ముఖం మీద మొదటి సీసా, ముదీర్ ముఖం మీద రెండోది. చిక్కటి లబన్ హెల్మెట్ మీంచి కళ్ల మీదికి, ముక్కు మీంచి గడ్డం మీదికి మెల్లగా జారుతోంది. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. కాపలావాడు ఫోన్ చేసి పిలిచినట్టున్నాడు. ముదీర్ నబీల్ నిలబడి, గోడ మీద తెల్లగా కారుతున్న తనను తాను చూసుకుంటున్నాడు. బెంచీ మీదివాడి చేతిలో సీసా వంగే ఉంది, వాడికి దాన్ని నిలబెట్టడం తోచలేదు. ధార పడుతూనే ఉంది.

"యే క్యా హై?" అన్నాడు ముదీర్. సైటులో అందరికీ హిందీయే భాష, ఆయనదీ అదే, ముక్కలు ముక్కలుగా. "మేరా మూహ్ పే లబన్ కౌన్ డాలా?"

వందమందీ నా వైపు చూశారు. ప్రతినిధి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వందమంది ఒకేసారి చూసేవాడు.

"సార్, రెస్పెక్ట్" అన్నాను. "ఇండియన్ రెస్పెక్ట్."

"రెస్పెక్ట్? గ్లాసులో పోసివ్వు, తాగుతాను. ముఖం మీద ఎందుకు?"

దగ్గరికి వచ్చి ఆ అక్షరాలేమిటని అడిగాడు. గంగారాంకు సెలవు ఇచ్చినందుకు మీకు ధన్యవాదాలని ఉందని చెప్పాను. నేనెవరికీ సెలవు ఇవ్వలేదే అన్నాడు. గంగారాం ఎవరని అడిగాడు. నలభై ముఖాల మీదా వేలు పెట్టి, ఇతనా, ఇతనా అని వెతికాడు. ఉంటే కదా. గంగారాం వెనకాల గుడ్డ పట్టుకుని, నేల మీద పడ్డ లబన్ తుడుస్తున్నాడు. ముందుకు తోశారు.

"ఛుట్టీ కాయ్‌కో?" సెలవెందుకని ముదీర్ అడిగాడు.

గంగారాం తడిచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. చొక్కా ఒక పక్కకు ఎత్తి, నడుము పక్కన చెయ్యి పెట్టి చూపించాడు.

"భాయీ కా కిడ్నీ, సాబ్. మేరే పాస్ హై."

ముదీర్ ఆ చేతినే చూస్తూ మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు, లబన్ తడిలోనే. ఫోర్‌మన్‌ను పిలిపించాడు. సెలవెందుకో వాణ్ని అడిగితే, ఇంటి పని అని గంగారాం చెప్పాడు సార్, నేనింక వివరం అడగలేదు, పైకి పంపలేదు అన్నాడు. సంగతి ముదీర్ దాకా చేరనే లేదు. మా దగ్గర్నుంచి ఢిల్లీ దాకా వెళ్లి వచ్చింది గానీ, ఆ గోడ దాటలేదు.

అప్పుడు ముదీర్ తల ఎత్తి మా అందరినీ చూశాడు. "ఇంత పెద్ద బొమ్మ వేయించారు. నలభై ముఖాలు వేశారు. మీ దేశం నుంచి పార్లమెంటును ఫోన్లోకి తెచ్చారు. నా ఆఫీసు ఈ గోడకు అవతలే ఉంది. నన్ను ఒక్కరూ ఎందుకు అడగలేదు?"

అందరూ ఫోను వైపు తిరిగారు. ఫోన్లో సారు మాత్రం, నెట్‌వర్క్ పోయినట్టు, కదలకుండా నవ్వుతూ ఉండిపోయారు. నెట్‌వర్క్ బాగానే ఉంది.

"ఖలాస్" అన్నాడు ముదీర్. "బొమ్మ తీసెయ్యండి. గంగారాం, ఈ వారమే విమానం ఎక్కు. యల్లా."

కిడ్నీ ఎవరిచ్చారు

ఆపరేషన్ అయింది. అన్నదమ్ములిద్దరూ బాగున్నారు. ఈ వాక్యంలో నేనేమీ పెంచలేదు.

పెరిగింది సారు దగ్గర. ఎన్నికల ప్రచారంలో మొదటి ఊళ్లో, 'గల్ఫ్ నుంచి సెలవు ఇప్పించి తమ్ముని ప్రాణం కాపాడిన' అన్నారు. బాగానే ఉంది. పదో ఊరికి వచ్చేసరికి 'నేనే కిడ్నీ ఇప్పించిన' అయింది. నెల తిరిగేసరికి, సారు తన సొంత కిడ్నీ ఇచ్చాడని ఊళ్లల్లో చెప్పుకుంటున్నారు, సారు కాదనలేదు. మీటింగుల్లో ఎడమ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడడం మొదలుపెట్టారు. ఒకచోట ఒక అవ్వ, కుట్లు మానినయా బిడ్డా అని అడిగిందట. ఇంకా గుంజుతుందవ్వా అన్నారట. నా విద్య అంతా ఆయన ముందు దిగదుడుపే.

అయినా ఓడిపోయారు. గంగారాం ఊళ్లోనే ఎక్కువ తేడాతో.

కాబట్టి తమ్ముళ్లూ, ఈ వృత్తి గురించి నా అభిప్రాయం ఇది. అడగాల్సినవాడికీ ఇవ్వాల్సినవాడికీ మధ్య నిలబడి ఫొటో దిగేవాణ్ని ప్రతినిధి అంటారు. ఆ ఇద్దరినీ ఒకరికొకరిని చూపించి పక్కకు తప్పుకునేవాడికి వేరే పేరేదో ఉండాలి. మన పార్టీల్లో ఆ పదవి ఇంకా సృష్టించలేదు. శాలువాలు మాత్రం పలచటివి కొనండి.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పి ముగిస్తాను. లబన్ నిజం. నలభై ముఖాలూ నిజమే. హెల్మెట్ మీంచి జారడం నిజం. సారు నడుము మీద చెయ్యి మరీ నిజం. ముదీర్ బెంచీ మీద కూర్చుని ఫోర్‌మన్‌ను పిలిపించి అడిగిన దాకా అన్నీ జరిగినవే. ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఏ ప్రశ్నా అడగలేదు. లేచి, ఫొటో తీసెయ్యమని, గంగారాంను విమానం ఎక్కమని చెప్పి, ప్యాంటు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్న అడిగింది గంగారాం తమ్ముడు రాజు. పోయిన ఏడాది నేను ఊరెళ్లినప్పుడు చూడడానికి వెళితే, మనిషి రంగు తేలి, కల్లంలో పసుపు కొమ్ములు ఎగదోస్తున్నాడు. కుర్చీ వేసి, ఛాయ్ తెప్పించి, ఫ్లెక్సీ కథంతా నా నోటనే చెప్పించుకుని పడీపడీ నవ్వాడు. ఆపరేషన్ జరిగిన పక్క చేత్తో అదిమి పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వు ఆగాక, మామూలుగా అడిగాడు.

"అన్నా, నాకు తెల్వక అడుగుతున్న. అన్ని రోజులు ఆ ముదీర్‌ను ఒక్కరు సీదా పోయి అడగకపోతిరా?"

నేను ఛాయ్ తాగాను. ఆ ప్రశ్నను ముదీర్ నోట్లో పెడితే మా వందమంది మీదా సమానంగా పడుతుందని ఇక్కడ అలా రాశాను. ఆ కల్లంలో మాత్రం కుర్చీ ఒక్కటే ఉంది.